నెమలికంఠం రంగు గీత

కొత్త మూలకం కనిపెట్టిన మనిషి మొట్టమొదట చేయవలసిన పని నోరు మూసుకుని కూర్చోవడం. మంటలమ్మ ఆ ఒక్కటీ తప్ప మిగతావన్నీ చేసింది. గదిలో గిరగిరా తిరిగింది. బల్లమీది గాజు కుప్పెను ముద్దు పెట్టుకుంది. కుప్పె ఇంకా వేడిగానే ఉంది, మూతి చురుక్కుమంది, అయినా నవ్వు ఆగలేదు. ఆ సాయంత్రమే శాస్త్ర పరిషత్తుకి కబురు పంపేసింది, కొత్త మూలకం దొరికింది, వచ్చి చూసుకోండి అని. ఆలు లేదు చూలు లేదు అనే సామెత ఆవిడకి తెలియక కాదు. సంతోషం తన్నుకొస్తుంటే సామెతలు ఎవరికి గుర్తుంటాయి?

మంటలమ్మ అన్నది వీధి పిల్లలు పెట్టిన పేరు. పొద్దుటిపూట ఆడపిల్లల బడిలో రసాయనశాస్త్రం చెబుతుంది. బడి వదిలాక ఇంటి వెనక గదిలో దూరి, రాళ్లూ రప్పలూ మెత్తగా నూరి, ఆ పొడిని సన్నటి తీగ కొసన అంటించి గ్యాసు మంటలో పెడుతుంది. ఒకప్పుడు అది కట్టెల గది. ఇప్పుడు అందులో ఒక బల్ల, ఒక గ్యాసు పొయ్యి, కిటికీకి నల్ల పరదా, బల్ల పక్కన ఒక ముక్కాలిపీట, బల్లమీద పరిషత్తు వాళ్లు వాడుకోమని ఇచ్చిన యంత్రం ఉన్నాయి. ఇత్తడి గొట్టమూ మధ్యలో గాజు పట్టకమూ ఉన్న ఆ యంత్రానికి పెద్ద పేరే ఉంది గాని, ఇంట్లో అందరూ దాన్ని రంగుల గొట్టం అంటారు.

ఆ గొట్టం చేసే పని చెప్పడం తేలికే. ఏ మూలకాన్ని మంటలో పెట్టినా మంటకి ఒక రంగు వస్తుంది. ఆ వెలుగుని గొట్టంలోంచి చూస్తే రంగు విడిపోయి సన్నటి గీతలుగా కనిపిస్తుంది. ఒకరి వేలిముద్ర ఇంకొకరికి లేనట్టే, ఒక మూలకం గీత ఇంకో మూలకానికి ఉండదు. ఉప్పులో ఉండే సోడియానిది పసుపు గీత. అది పిలవకపోయినా వచ్చే చుట్టంలాంటిది, చెమట తగిలినా కన్నీరు తగిలినా చటుక్కున హాజరవుతుంది. మిగతా గీతలన్నీ మంటలమ్మకి కంఠతా వచ్చు. ఆ మధ్యాహ్నం, క్వారీ నుంచి తెచ్చుకున్న బూడిదరంగు రాయి పొడిని మంటలో పెట్టి చూస్తూ ఉండగా, ఏ గీతా ఉండకూడని చోట ఒక గీత వెలిగింది. నీలమా అంటే నీలం కాదు, పచ్చనా అంటే పచ్చా కాదు. నెమలికంఠం రంగు. ఒక్క క్షణం నిలబడి, నవ్వి, వెళ్లిపోయింది.

నవ్వింది అన్నది మంటలమ్మ మాట. గీతలు నవ్వుతాయా అని అత్తగారు అడిగితే, ఇది నవ్వింది అత్తయ్యా అని ఒట్టేసి మరీ చెప్పింది. ఆ వారంలో ఆ గీత మరి కొన్నిసార్లు కూడా అలాగే వచ్చి పోయింది.

అత్తగారి సంగతి చెప్పకపోతే ఈ కథ ముందుకు నడవదు. ఆవిడకి లోకంలో శత్రువు ఒక్కటే, మురికి. దానితో ఆవిడకి రాజీ లేదు. తలుపు గడియలకి కూడా స్నానం చేయించే మనిషి. అలాంటి తల్లి కడుపున పుట్టినవాడు ఏ గుమాస్తా పనో చూసుకోకుండా పొగగొట్టాల మేస్త్రి అయ్యాడు. వీధి చివర ఆమ్లాల ఫ్యాక్టరీ ఉంది, అక్కడ రాత్రల్లా ఏవేవో ఖనిజాలు కాలుస్తారు. ఆ పొగగొట్టాల గొంతులో పేరుకున్న మసి గీకించడం మేస్త్రి ఉద్యోగం. తను పైన నిలబడి పనివాళ్లని పురమాయిస్తే సరిపోతుంది గాని, మేస్త్రికి ఆ ఓపిక లేదు, తనే దూరతాడు. "మా ఇద్దరివీ గొట్టాల బతుకులే. నావి పొగగొట్టాలు, మా ఆవిడది రంగుల గొట్టం" అని అందరికీ చెప్పి తనే ముందు నవ్వుతాడు.

మధ్యాహ్నం భోజనానికి వస్తే తల్లి ఆయన్ని ఇంటి గడప తొక్కనిచ్చేది కాదు. క్యారేజీ వంటింటి కిటికీలోంచి అందించేది. అది పట్టుకుని మేస్త్రి పెరటి గేటు వైపు నుంచి వెనక గదిలోకి వచ్చి, ముక్కాలిపీట మీద కూలబడేవాడు. ఆ మసి కోటుతో ఆయన కూర్చోగలిగిన చోటు ఆ ఇంట్లో అదొక్కటే. మొగుడూ పెళ్లాం అక్కడే తినేవారు. మేస్త్రికి చేతులు ఊపకుండా మాట రాదు. ఫ్యాక్టరీలో ఎవరు ఎవరి మీద పడ్డారో, ఏ గొట్టంలో పావురం గూడు పెట్టిందో, లేచి నటించి మరీ చెప్పేవాడు. ఆవిడ ఒక చేత్తో ముద్ద నోట్లో పెట్టుకుంటూ, ఇంకో చేత్తో తీగ మంటలో పెడుతూ, పగలబడి నవ్వేది.

పరిషత్తు నుంచి జవాబు వచ్చింది. వచ్చే నెల మనుషులు వస్తారు, స్వయంగా చూస్తారు, గీత కనబడితే యంత్రం ఇక్కడే ఉంటుంది, లేకపోతే వెనక్కి తీసుకుపోతారు, వరసలో ఇంకా చాలామంది ఉన్నారు. అంతే, మంటలమ్మ గది నాలుగు మూలలూ చూసుకుంది. పెద్దలు వస్తున్నారంటే గది ఎలా ఉండాలి? శుభ్రంగా ఉండాలి. ఈ మాట ఒక్కసారి పైకి అన్నదో లేదో అత్తగారు చీపురుతో ప్రత్యక్షం. ఆవిడ ఇన్నేళ్లుగా ఎదురుచూస్తున్న మాట అది. గోడలకి సున్నం పడింది. నేల గచ్చు కనబడేదాకా కడిగారు. బల్ల గీకారు. ముక్కాలిపీటని ఇసుకతో తోమి, దానిమీద తెల్లటి గుడ్డ మడిచి వేశారు, ఎవరూ కూర్చోకుండా. చివరికి మేస్త్రి వంతు వచ్చింది.

"ఒరేయ్, స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకుంటే గానీ ఆ గదిలో అడుగుపెట్టకు. నేను కాదు, నీ పెళ్లామే అంటోంది" అంది తల్లి.

మేస్త్రి భార్య వంక చూశాడు. మంటలమ్మ తల దించుకుని, "కొన్నాళ్లేనండీ, పెద్దవాళ్లు వచ్చి వెళ్లేదాకా" అంది. మధ్యాహ్నంపూట స్నానాలు చేస్తూ కూర్చుంటే ఫ్యాక్టరీలో పని ఎవడు చేస్తాడు? అందుకని ఆయన అటు రావడమే మానేశాడు. క్యారేజీ అత్తగారే ఫ్యాక్టరీ గేటు దాకా మోసుకెళ్లేది. రాత్రికి మాత్రం కడిగిన ముత్యంలా ఇంట్లోకి వచ్చి, "ఇవాళ మన గీత కనబడిందా?" అని అడిగేవాడు. కనబడిందని ఆవిడ చెప్పేది. ఆయన పొంగిపోయి మర్నాడు ఫ్యాక్టరీ అంతా టముకు వేసేవాడు.

అసలు సంగతి ఏమిటంటే, గది అద్దంలా తయారైన రోజు నుంచీ గీత మళ్లీ కంటపడలేదు. ఇల్లలకగానే పండగ కాదని ఊరికే అన్నారా? రాయిలో ప్రతి మూలా గీకి చూసింది. తీగ మార్చింది, గ్యాసు పెంచింది, తగ్గించింది, పట్టకం తుడిచింది. ఉప్పు గీత వచ్చేది, సున్నపు గీత వచ్చేది, రావలసింది మాత్రం రాలేదు. రాత్రిళ్లు మొగుడికి అబద్ధం చెప్పి, గోడవైపు తిరిగి పడుకునేది. ఎందుకో తిండి కూడా సహించేది కాదు. అది భయం వల్ల అనుకుంది.

ఆ రోజు రానే వచ్చింది. పరిషత్తు నుంచి ఇద్దరు దిగారు. ఒకరు అధ్యక్షులవారు, గుండెల దాకా తెల్లగడ్డం, ఏ కాలంలోనైనా చేతిలో గొడుగు. రెండో ఆయన్ని పరిషత్తులో అందరూ సందేహాలాయన అంటారు, పొద్దెక్కింది అంటే కిటికీ తెరిచి చూసుకునే రకం. వాళ్లతోపాటు ఒక చెక్కపెట్టె కూడా దిగింది. లోపల మెత్తగా ఎండుగడ్డి పరిచి ఉంది. యంత్రం తీసుకుపోవడానికి ముందుగానే పక్క వేసుకుని వచ్చారన్నమాట.

"గది ఎంత శుభ్రంగా ఉందమ్మా!" అన్నారు అధ్యక్షులవారు.

"నేనే కడిగాను" అంది గుమ్మంలోంచి అత్తగారు.

నల్ల పరదా దించారు. మంటలమ్మ తీగకి రాయిపొడి అంటించి మంటలో పెట్టింది. అధ్యక్షులవారు గొట్టానికి కన్ను ఆనించారు. "పసుపు కనబడుతోంది. ఎరుపు కూడా" అన్నారు. ఇంకాస్త పొడి పెట్టింది. మళ్లీ పసుపు, మళ్లీ ఎరుపు. సందేహాలాయన కూడా చూశాడు, కళ్లజోడు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు.

"అమ్మా, ఆ రోజు మీరు ఎక్కువసేపు మంట వంక చూసి ఉంటారా? అలా చూస్తే కళ్లలో లేనిపోని రంగులు తిరుగుతాయి" అన్నాడు.

అధ్యక్షులవారు ఆయన్ని వారించి, "పోనీలే తల్లీ, మేమంతా ఒకప్పుడు తొందరపడ్డవాళ్లమే" అన్నారు. ఆ జాలి మాటకి మంటలమ్మకి తల కొట్టేసినట్టయింది. తిడితే ఎదురు చెప్పొచ్చు, జాలిపడితే ఏం చేస్తాం? ఆయన వంగి పెట్టెలో గడ్డి సర్దడం మొదలుపెట్టారు. ఆవిడ మంట మీదికి వంగి ఇంకొక్కసారి చూస్తూ ఉండగా కంట్లో నీళ్లు నిండి ఒక చుక్క టప్పున పొయ్యి మీద రాలింది. మంట భగ్గున పసుపెక్కింది.

"ఉప్పు" అన్నాడు సందేహాలాయన. సాయం చేద్దామనే అన్నాడు పాపం.

సరిగ్గా అప్పుడు వంటింట్లోంచి వేపుడు వాసన వచ్చింది. మంటలమ్మ కడుపులో గుర్రుమని చప్పుడైంది. పెద్దల ముందు సిగ్గుపడవలసిన చప్పుడే. కానీ ఆవిడ సిగ్గుపడడం మరిచిపోయి నిటారుగా నిలబడింది. ఈ ఆకలి తనకి తెలుసు. గీత కనబడిన ప్రతిసారీ కడుపులో ఈ ఆకలే ఉంది, నోట్లో ఇలాగే నీళ్లూరాయి, ముక్కుకి ఈ వాసనే తగిలింది. రాయి అదే, గ్యాసు అదే, తీగ అదే. ఆ వేళప్పుడు ఈ గదిలో ఉండి, ఇప్పుడు లేనిది ఏమిటి?

ఆవిడ కళ్లు గదంతా తిరిగి ముక్కాలిపీట మీద ఆగాయి. పీట మీద తెల్లగుడ్డ, నలగకుండా, మాయకుండా, మడత విప్పకుండా ఉంది. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. వెతికిందే కాదు, చంకలో పిల్లని తనే దించి బయటికి పంపేసింది కూడా.

"మా ఆయన!" అని అరిచింది.

అధ్యక్షులవారు ఉలిక్కిపడి గడ్డి వదిలేశారు. "ఏమైందమ్మా ఆయనకి?"

"స్నానం చేశారు!" అంది మంటలమ్మ ఏడుపు గొంతుతో. "రోజూ చేస్తున్నారు!"

అని పరదా లాగేసి, చెప్పులైనా వేసుకోకుండా పెరటి గేటు తీసి పరుగు లంకించుకుంది. అధ్యక్షులవారు సందేహాలాయన వంక చూశారు. ఇంత పెద్ద ఆశ చెడితే మనిషికి మతి చలించడం వింత కాదు, ఒంటరిగా వదిలేస్తే పాపం చుట్టుకుంటుంది. ఇద్దరూ వెనకే పరుగెత్తారు. అధ్యక్షులవారి గడ్డంలో ఎండుగడ్డి పరకలు అలాగే ఉన్నాయి. వీధిలో మంగలి, ఒకడి సగం మీసం గీసి కత్తి గాలిలో ఆపాడు. సైకిలు షాపతను ట్యూబులో గాలి కొడుతూ కొడుతూ అది పేలేదాకా చూసుకోలేదు. "మంటలమ్మ ఒంటికి మంట అంటుకుందా?" అని ఒకామె మేడమీంచి అడిగితే, "అంటుకుంది పిన్నీ!" అని పరుగులోనే జవాబిచ్చింది మంటలమ్మ. అప్పటికే ఆవిడకి నవ్వు మొదలైంది. ఏడుపు ఎక్కడ ఆగిందో, నవ్వు ఎక్కడ మొదలైందో ఆవిడకే తెలియదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "మేస్త్రి ఇప్పుడు రాడమ్మా, పెద్ద గొట్టంలో ఉన్నాడు."

"అందుకే వచ్చాను" అని చేతి కిందనుంచి దూరిపోయింది.

పెద్ద గొట్టం అడుగున చిన్న ఇనప తలుపు ఉంది. అందులోకి తల పెట్టి, "ఏమండీ!" అని కేక వేసింది. గొట్టం ఆ కేకని పైదాకా తీసుకెళ్లి మళ్లీ కిందకి తెచ్చింది. లోపల గీకుడు ఆగింది. కాసేపటికి మసి ముద్ద ఒకటి తలుపులోంచి పాక్కుంటూ వచ్చి నిలబడింది. కళ్లూ పళ్లూ తప్ప అందులో మనిషి ఆనవాలు లేదు.

"అమ్మకేమైనా అయిందా?" అన్నాడు మేస్త్రి.

"అత్తయ్య బాగానే ఉన్నారు. మీరు రావాలి, ఇప్పుడే."

"పెద్దవాళ్లు వచ్చారుగా? ఉండు, కాస్త దులుపుకుని—"

మంటలమ్మ ఎగిరి ఆయన రెండు చేతులూ పట్టేసుకుంది. "దులపకండి! ఒక్క రేణువు రాల్చారంటే నా మీద ఒట్టే!"

మేస్త్రి బొమ్మలా నిలబడిపోయాడు. "మసి కావాలంటే బస్తా ఇస్తాను కదే. ఇంత పరుగెందుకు?"

"మసో, కోటో, మీరు తలకి రాసుకునే నూనో, మీసమో, మన గీత ఎందులో ఉందో నాకు తెలీదు. తెలిసేదాకా మొత్తం మనిషి కావాలి."

మేస్త్రి మసి ముఖం మీద నవ్వు అటు చెవి నుంచి ఇటు చెవి దాకా పాకింది. నెల్లాళ్లుగా ఆ గది గుమ్మంలోకి కూడా ఆయన్ని ఎవరూ రమ్మనలేదు. ఇప్పుడు మొత్తం మనిషే కావాలట. ఆయన అంతకు మించి ఏమీ అడగలేదు. ఒక్క మాట మాత్రం, "రోజూ కనబడుతోందన్నావుగా?" అన్నాడు.

"అబద్ధం చెప్పాను. మీరు లేని రోజు ఒక్కరోజూ రాలేదు. పదండి" అంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ. తుడుచుకున్న చోటల్లా మసి అంటుకుంది.

ఇంతలో ఆయాసపడుతూ పరిషత్తు చేరుకుంది. మంటలమ్మ రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. అధ్యక్షులవారి కళ్లలో ఏదో వెలిగింది. ఆయనా ఒకప్పుడు బుర్ర నిండా మంటలు పెట్టుకున్న మనిషే, మధ్యలో అధ్యక్షులై చెడిపోయారు గాని. బయట గాలి వీస్తోంది. ఆయన గబుక్కున గొడుగు తెరిచి మేస్త్రికి గాలి తగలకుండా పక్కగా పట్టారు. "నువ్వు వెనక నడవవయ్యా, రాలింది రాలినట్టు పట్టు" అని సందేహాలాయనకి చెప్పారు. దేనితో పట్టాలని సందేహం వచ్చిందాయనకి. "టోపీతో!" అన్నారు. అలా బయలుదేరింది ఊరేగింపు. మధ్యలో చేతులు దూరంగా చాపుకుని, కోడిగుడ్ల మీద నడుస్తున్నట్టు మేస్త్రి. ఒక పక్క గొడుగుతో గడ్డం, వెనక టోపీ పట్టుకుని వంగి నడిచే పెద్దమనిషి, ముందు దారి తొలగండహో అంటూ చెప్పుల్లేని మంటలమ్మ. సగం మీసం గీయించుకున్నవాడు కూడా గుడ్డ మెడకి చుట్టుకునే వెంట నడిచాడు.

అందరూ నవ్వారు గాని, పెరటి గేటు దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ నవ్వు మిగల్లేదు. గేటుకి అడ్డంగా అత్తగారు నిలబడి ఉంది. చేతిలో నిండు బకెట్టు.

"ఒరేయ్! కొత్తగా సున్నం వేసిన గదిరా! పెద్దమనుషులు వచ్చిన రోజునే ఈ అవతారమా!"

"అత్తయ్యా, బకెట్టు దించండి!" అని మంటలమ్మ అరిచింది. కానీ అత్తగారికి కొడుకు ఒంటిమీద మసి కనబడితే చెవులు వినబడవు. చెయ్యి అలవాటు ప్రకారం లేచింది. నీళ్లు గాలిలోకి లేచాయి. అధ్యక్షులవారు, ఆ వయసులో ఎవరూ ఊహించని గెంతు గెంతి, మేస్త్రికి ముందు గొడుగు అడ్డం పెట్టారు. గొడుగు పట్టినంత పట్టింది. మిగిలింది ఆయన గడ్డం మీదుగా కారింది. మేస్త్రి మీద చుక్క పడలేదు.

అత్తగారు బకెట్టు వదిలేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పరిషత్తు అధ్యక్షుణ్ణి తడిపిన మొదటి మనిషి ఆవిడే అయి ఉంటుంది. "ఏం పర్లేదమ్మా, మంచి పనికే తడిశాం. లోపలికి, లోపలికి!" అన్నారాయన గడ్డం పిండుకుంటూ.

గదిలో పరదా దిగింది. మంటలమ్మ బుర్ర నిలకడగా ఉంది. ఇప్పుడు తొందరపడేది లేదు, ఒకసారి పడి చూసింది. ముందు మేస్త్రి తలనూనె ఒక చుక్క తీగకి రాసింది. పసుపు గీత. మీసంలోంచి ఒక వెంట్రుక పీకింది. "అబ్బా" అన్నాడాయన. పసుపు గీత. చెమట, పసుపు గీత. చివరికి ఆయన కోటు మడతలో తీగ కొస అద్ది, మంటలో పెట్టి, తను గొట్టంలో చూసింది.

వచ్చింది. వెలిగింది. ఏ గీతా ఉండకూడని ఆ చోటనే, నెమలికంఠం రంగులో, ఈసారి పారిపోకుండా నిలబడి నవ్వింది. మంటలమ్మకి అరవాలనిపించింది. తన కళ్లు తనని మోసం చెయ్యలేదు. తను పిచ్చిది కాదు. చటుక్కున జరిగి అధ్యక్షులవారికి చోటిచ్చింది.

అధ్యక్షులవారు కన్ను ఆనించారు. తడి గడ్డంలోంచి నీళ్లు బల్లమీద కారుతున్నాయి, ఆయన కదల్లేదు. "ఓహో" అన్నారు. కాసేపాగి, "ఓహోహో" అన్నారు. అంతకు మించి పరిషత్తు భాష ఏదీ ఆయన నోట రాలేదు. సందేహాలాయన భుజం తట్టితే గానీ లేవలేదు. సందేహాలాయన ముందు తన కోటు దులిపి, ఆ దుమ్ము మంటలో పెట్టించాడు. ఒట్టి పసుపు. తర్వాత తన టోపీలో పట్టుకొచ్చిన మసి పెట్టించాడు. చూశాడు. కళ్లజోడు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు.

"నాకేం సందేహం లేదు" అన్నాడు. అన్నాక, తను అన్నమాటకి తనే భయపడి కుర్చీ వెతుక్కున్నాడు.

"అయితే తల్లీ, ఇది రాతిలో లేదన్నమాట" అన్నారు అధ్యక్షులవారు.

"లేదండీ. రాయి అన్నది నా తప్పే. మూలకం మాత్రం తప్పు కాదు. ఫ్యాక్టరీలో కాల్చే ఖనిజంలోంచి పొగతో లేచి, గొట్టం గొంతులో పేరుకుని, ఈయన కోటు ఎక్కి ఇక్కడికి వచ్చింది. ఈయన చేతులు ఊపినప్పుడల్లా నా మంటలో పడింది."

"ఎంత దొరుకుతుంది అందులో?"

"గొట్టం నిండా ఉందండీ!" అన్నాడు మేస్త్రి, చేతులు ఊపబోయి, చటుక్కున ఆపుకుని.

అధ్యక్షులవారు ఎండుగడ్డి పరిచిన పెట్టెని కాలితో ముందుకి తోశారు. "దీన్ని నింపి పంపండి. యంత్రం ఉన్నచోటనే ఉంటుంది."

గుమ్మంలో ముక్కు చీదిన చప్పుడైంది. అత్తగారు ఇంకా అక్కడే నిలబడి ఉంది, లోపలికి రావాలో వద్దో తెలియక. మంటలమ్మ వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గొట్టం ముందు నిలబెట్టింది. "ఒక కన్ను మూసుకోండి అత్తయ్యా. ఇప్పుడు చూడండి."

ఆవిడ చాలాసేపు చూసింది. మంటలమ్మ ఇంకోసారి కోటుకి అద్ది మంటలో పెట్టింది, ఇంకోసారి పెట్టింది. ఆవిడ తల ఎత్తలేదు.

"ఇది వీడి ఒంటిమీదిదా?"

"అవునత్తయ్యా."

"ఈ రంగే?"

"ఈ రంగే. మనకంటే ముందు ఎవరూ చూడనిది."

అత్తగారు తల ఎత్తింది. కొడుకుని పైనుంచి కిందదాకా, ఎప్పుడూ చూడనట్టు చూసింది. "వీడు పనిలో చేరిన రోజు నుంచీ ఉతుకుతున్నానే అమ్మాయ్. చేతులు అరిగిపోయేలా ఉతికాను. ఇంత అందమైనదాన్ని ఇన్నేళ్లూ నా చేత్తో నేనే కాలవలో పారబోశానా?" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మేస్త్రి గాభరాపడి, "పోనీలేవే అమ్మా, రేపు ఇంకా బోలెడు తెస్తాను" అన్నాడు. ఆ ఓదార్పుకి ఏడుస్తున్న ఆవిడకి కూడా నవ్వొచ్చింది.

ఆవిడ ముక్కాలిపీట దగ్గరికి నడిచింది. తెల్లగుడ్డ మడత తీసి భుజాన వేసుకుంది. పీటని బల్లకి ఇంకాస్త దగ్గరగా, మంటకి ఇంకాస్త దగ్గరగా జరిపింది.

"కూర్చోరా. అందరికీ ఇక్కడే వడ్డిస్తాను" అంది.

మేస్త్రి పీట వంక, మంటలమ్మ వంక చూశాడు. మంటలమ్మ తల ఊపింది. కడుపులో మళ్లీ గుర్రుమంది, ఈసారి అందరికీ వినబడింది. తల్లి పెట్టిన పీట, తెల్లటి గది, ఎదురుగా పెద్దమనుషులు. అలవాటైన భయంతో, కూర్చునేముందు ఆయన చెయ్యి కోటు మీదికి వెళ్లింది.

"దులపకు!" అని గదిలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారే అరిచారు. అందరికంటే గట్టిగా అరిచింది అత్తగారు.